తడిగుడ్డల లెక్క

మా ఇంట్లో అందరం చదువుకున్నవాళ్ళమే. నా పెద్దకూతురు పుట్టిన వారం రోజులకే ఆకలితో చచ్చిపోయేంత పని అయిందంటే దానికి కారణం అదే. చదువురాని ఇంట్లో పుట్టి ఉంటే హాయిగా పాలు తాగి పడుకునేది.

ఈ మాట అంటే ఇప్పటికీ మా బంధువులకు నచ్చదు. వాళ్ళు చెప్పుకునే కథ వేరు. అందులో మా నాన్న మోకాళ్ళ మీద ప్రార్థించాడు, నేను ధైర్యంగా నిలబడ్డాను, పిల్ల బతికి బట్టకట్టింది. ఆ ఇంట్లో నేనూ ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, నాన్న ప్రార్థించిన మాట ఒక్కటే నిజం. అది కూడా అవసరమైనదానికంటే చాలా గట్టిగా ప్రార్థించాడు.

అది పోలీస్ యాక్షన్ జరిగిన సంవత్సరం. నేను సికింద్రాబాదు రైల్వేలో గుమాస్తాను. షెడ్డులో పనివాళ్ళు ఎన్నింటికి వచ్చారు, ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారు అని పుస్తకంలో రాయడం నా ఉద్యోగం. మనుషుల్ని నిమిషాల్లో కొలిచే పని కదా, దాన్ని నేను చాలా గొప్పగా భావించేవాణ్ణి. నా దగ్గర ఒక జేబు గడియారం ఉండేది. దాన్ని తుడిచినంత శ్రద్ధగా నేను ఇంట్లో మరే వస్తువునీ తుడవలేదు. చిలకలగూడలో రెండు గదుల పెంకుటింట్లో అద్దెకు ఉండేవాళ్ళం, నేను, నా భార్య, మా నాన్న. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న కోస్తాలో ఒక మిషన్ బడికి హెడ్మాస్టరుగా చేసి రిటైరై నా దగ్గరికి వచ్చాడు. బడి వదిలాడు గానీ హెడ్మాస్టరు పని మాత్రం వదల్లేదు.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. నా భార్య పుట్టిల్లు బెజవాడ. ఏడో నెలలో పంపించి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. మా చర్చిలో బుద్ధి ఉన్నవాళ్ళంతా ఆడవాళ్ళనీ పిల్లల్నీ రైలెక్కించి ముందే సరిహద్దు దాటించేశారు. మా నాన్న మాత్రం ముందుగదిలో గోడకు నిజాం సంస్థానం పటం అంటించి, దాని మీద పెన్సిలుతో గీతలు గీసి, “యుద్ధం రాదు. వీళ్ళూ వాళ్ళూ కూర్చుని మాట్లాడుకుంటారు. క్రిస్మస్ దాకా ఏమీ జరగదు” అని తేల్చేశాడు. నేను ఆయన మాట నమ్మాను. నిజానికి నమ్మలేదు, ఎదురు చెప్పడానికి బద్ధకించాను. రైళ్ళు ఆగిపోయాక ఆ పటం ముందు నిలబడి ఆయన ఇంకో గీత గీశాడు.

అలా నా భార్యకు పంతొమ్మిదేళ్ళ వయసులో, తల్లి పక్కన లేకుండా, ఇద్దరు మగవాళ్ళున్న ఇంట్లో కాన్పు రాసిపెట్టి ఉంది. చూపించుకుంటున్న దొరసాని డాక్టరు ఎండాకాలంలో కొండలకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆసుపత్రికి వెళ్ళి అడిగితే అక్కడి నర్సు, “నొప్పులొస్తే తీసుకురండి, కర్ఫ్యూ లేకపోతే” అంది. నొప్పులు కర్ఫ్యూ చూసుకుని రావని ఆమెకూ తెలుసు.

కాన్పు చేసే దాయిని వెతుక్కున్నది నా భార్యే. వెతుక్కున్నది అనడం కూడా తప్పు. ఎనిమిదో నెల కడుపుతో వీధి కుళాయి దగ్గర బిందె ఎత్తుకోబోతుంటే ఒక పెద్దామె వచ్చి దాన్ని లాక్కుందట. “ఇంట్ల మొగోళ్ళు లేరా బిడ్డా?” అని అడిగిందట. ఇద్దరున్నారని నా భార్య చెప్పింది. “ఇద్దరుండి సుత నువ్వే మోస్తున్నవా?” అంటూ ఆ బిందె తనే చంకన పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. నాన్న పేపరు చదువుతున్నాడు. నేను గడియారం తుడుస్తున్నాను. ఆమె మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది. ఆ చూపు నాకింకా గుర్తుంది, ఎందుకంటే తరవాత నన్ను నేను చాలాసార్లు అలాగే చూసుకున్నాను.

ఆమె దూదేకులవాళ్ళ ఇంటి మనిషి. భర్త పరుపులకూ బొంతలకూ దూది ఏకేవాడు. తురకలే అయినా ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. చిలకలగూడలో సగంమందికి బొడ్డు కోసింది తనేనని అందరూ చెప్పారు. ఊరంతా ఆమెను దాయమ్మ అనేవాళ్ళు, మేమూ అలాగే పిలిచాం. నాన్నకు ఆమె అంటే మొదటి నుంచీ మంట. చదువు లేదు, పాన్ నములుతుంది, “నువ్వు” అంటుంది. ఇరవై ఏళ్ళపాటు పిల్లల చేత నిలబడి నమస్కారం పెట్టించుకున్న మనిషికి ఆ “నువ్వు” మింగుడుపడలేదు.

కాన్పుకు ముందు నెల రోజులూ ఆమె రెండు రోజులకోసారి వచ్చేది. నా భార్య కడుపు తడిమి చూసి, ఏం తిన్నావని అడిగి, తరవాత నా కోసం కేకేసేది. మిగతా ఇళ్ళలో అయితే మొగుణ్ణి నీళ్ళు కాచమని పెరట్లోకి తోలేస్తుందట. నీళ్ళ అవసరం ఉండి కాదు, అడ్డం లేకుండా పోతాడని. మా ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు కాబట్టి నన్ను లోపలికి లాగింది. మగవాడు కాన్పు గదిలో కూర్చోవడమేమిటని నాన్న అరిచి గోల చేశాడు. “మరి నువ్వు కూసుంటవా పెద్దసారు?” అంది ఆమె. నాన్న పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

నా చేతులు ఆమెకు ముందే నచ్చలేదు. “దఫ్తర్ చేతులు” అంది, ఆఫీసులో కలం తప్ప ఏమీ పట్టనివని. గోళ్ళు తీయించింది. నొప్పులప్పుడు నా భార్య నడుము కింద ఎక్కడ నొక్కాలో, అరచేతి మడమతో ఎలా నొక్కాలో, ఆమె ఊపిరి బిగబట్టినప్పుడు నేను ఎలా ఊపిరి తీయాలో నేర్పింది. ముందు ఒక దిండు మీద నేర్పింది, ఆ తరవాత నా భార్య మీద. నేను రెండు నిమిషాలు నొక్కి గడియారం చూసుకున్నాను. ఆమె నా చేతిలోంచి గడియారం లాక్కుని బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టింది. “కాన్పయ్యెదాక గిది గీడ్నే ఉంటది” అంది. నాకు కోపం వచ్చింది గానీ డబ్బా మూత తీయలేదు. ధైర్యం విషయంలో నేనెప్పుడూ అంతే.

సైన్యం సరిహద్దు దాటిందన్న వార్త వచ్చిన మూడో రోజు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. బయట కర్ఫ్యూ. పైన విమానాల మోత. దాయమ్మను పిలవడానికి ఎవరు వెళ్ళాలని నేనూ నాన్నా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండగానే ఆమె పెరటి గోడ అవతలి నుంచి పిలిచింది. ఆ రోజుకు అవుతుందని ముందే అనుకుందట. నాలుగిళ్ళ పెరళ్ళ గుండా వచ్చింది. మేమిద్దరం వీధి తలుపు గొళ్ళెం సరిగా పడిందో లేదో చూసుకుంటున్నాం.

మధ్యాహ్నం మూడు దాకా నా భార్యను వెనక నుంచి పట్టుకుని కూర్చున్నాను. ధైర్యంగా కాదు. నాకు వెక్కిళ్ళు వచ్చాయి, ఒకసారి “నా వల్ల కాదు” అని కూడా అన్నాను. కంటున్నది నా భార్య, కాదన్నది నేను! దాయమ్మ నన్ను తిట్టలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, “నువ్వు భయపడ్డది ఆమెకు సుత తెలుస్తది. గట్టిగ ఊపిరి తియ్యి. గంతే నీ పని” అంది. అంతే పని. అదైనా చేశాను. ముందుగదిలో నాన్న కీర్తనలు గొంతెత్తి చదువుతున్నాడు. “పెద్దసారు, జెర మనసుల సదువుకో, పిల్ల బెదురుతది” అని దాయమ్మ కేకేసింది. పిల్ల ఇంకా పుట్టనేలేదు. నా భార్య ఆ నొప్పుల్లో కూడా నవ్వింది. ఆ తరవాత కాసేపటికే ఆడపిల్ల పుట్టింది.

బొడ్డు కోసి, తుడిచి, పిల్లను వెంటనే తల్లి రొమ్ము మీద పెట్టింది. నాన్న తలుపు అవతలి నుంచే అభ్యంతరం చెప్పాడు. మొదటి మూడు రోజుల పాలు చీముతో సమానమనీ, పిండి పారబోయాలనీ వాళ్ళమ్మ చెప్పేదట. ఆ తరవాత కూడా నాలుగు గంటలకోసారి మాత్రమే పట్టాలని ఎవరో దొరసాని రాసిన చిన్న పుస్తకంలో ఉందట. పాత మూఢనమ్మకాన్నీ కొత్త మూఢనమ్మకాన్నీ ఒకే ఇంట్లో కాపురం పెట్టించగలగడం మా నాన్న చదువు గొప్పతనం.

దాయమ్మ ఆ ముర్రుపాల మాటకు నాకే జవాబు చెప్పింది, ఆయనకు కాదు. “మా అమ్మ సుత పారబోయించేది. నేను సుత అట్లనే చేసిన. నా పిల్లలిద్దరు పోయిండ్రు. అప్పుడు మా ఇంట్ల మేకుండె. మేకపిల్ల పుట్టంగనే తల్లి పొదుగుకు పోయింది. దానికెవలు చెప్పిన్రు? గప్పటిసంది నేను ఎవ్వల మాట ఇనలే.” ఇద్దరు పిల్లలు పోయారన్న మాట ఆమె పిల్లను సర్దుతూనే మామూలుగా చెప్పింది. నేను తల ఊపాను.

వెళ్ళేముందు నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది. పిల్ల నోరు తిప్పుతూ పిడికిలి చప్పరిస్తే ఆకలి అని. ఏడ్చేదాకా ఆగొద్దని. గంటకోసారి అడిగితే గంటకోసారి ఇవ్వాలని. చూడొచ్చినవాళ్ళను గుమ్మం దగ్గరే పంపేసి, బాలింతకు వేడివేడిగా తిండి పెట్టాలని. ఇవన్నీ నా పనులట. చివరికి ఒక లెక్క కూడా ఇచ్చింది. “రోజుకెన్ని గుడ్డలు తడుస్తున్నయో లెక్కపెట్టు. లెక్కలు రాసేటోనివి కదా. దినం దినం గుడ్డలు ఎక్కువైతె పాలు అందుతున్నట్టు. తక్కువైతె నా దగ్గరికి ఉరుకు. పరేషాన్ కావద్దు.” నేను సరేనన్నాను. మాటివ్వడంలో నేనెప్పుడూ వెనకాడేవాణ్ణి కాదు.

రెండు రోజులు అంతా బాగానే నడిచింది. ఆమె పొద్దునా సాయంత్రం పెరటి దారిన వచ్చి వెళ్ళింది. అంతలో నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పారు. మర్నాడు వీధుల్లో దండలు, మిఠాయిలు, జైకారాలు. రెండు నెలల కిందట ఇంటి యజమాని ముందు నిజాం ప్రభువు దయాగుణాన్ని పొగిడిన మా నాన్న ఇప్పుడు మూడురంగుల జెండాకు గుడ్డ దొరక్క అల్లాడిపోయాడు. చివరికి నా భార్య పాత ఆకుపచ్చ రవికెను విప్పి ఒక ముక్క కత్తిరించాడు. గోడ మీది పటంలో గీతలన్నీ రబ్బరుతో చెరిపేశాడు. నేను చూస్తుండగానే చెరిపాడు, నా వైపు చూసి సిగ్గుపడలేదు కూడా.

ఆ పొద్దున దాయమ్మ పెరటి దారిన రాలేదు. పెరటి ఇళ్ళవాళ్ళు ఆమెను చూసి తలుపులు వేసుకున్నారట. తల నిండా కొంగు కప్పుకుని వీధి గుమ్మంలోకి వచ్చింది. నాన్న అడ్డంగా నిలబడ్డాడు.

“ఇక నువ్వు రానక్కర్లేదమ్మా. రోజులు మారాయి. మీవాళ్ళు మా ఇంటికి వచ్చిపోతుంటే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు” అన్నాడు.

ఆమె ఆయనతో వాదించలేదు. ఆయన భుజం మీంచి నన్ను చూసింది. “నువ్వేమంటవ్ బిడ్డా?” అని అడిగింది.

“నాన్న చెబుతున్నాడు కదా” అన్నాను.

అన్నాను. ఆ మూడు ముక్కలు నా నోటితోనే అన్నాను. కాళ్ళూ చేతులూ ఆడని స్థితిలో ఉన్న నన్ను నా భార్య వెనక కూర్చోబెట్టి పని నేర్పిన మనిషిని, నా పిల్లకు మొదటి పాలు పట్టించిన మనిషిని, గుమ్మంలోంచే పంపేశాను. దాయమ్మ కొంగు సర్దుకుంది. “పాలు జూస్కో” అని వెళ్ళిపోయింది. లోపల్నుంచి నా భార్య “ఎవరండీ, దాయమ్మేనా?” అని అడిగింది. ఎవరో జెండా అడగడానికి వచ్చారని అబద్ధం చెప్పాను.

ఇంక ఇల్లు మా ఇద్దరి చేతుల్లోకి వచ్చింది. నాన్న ఒక అట్టముక్క మీద గళ్ళు గీసి, బడి పీరియడ్లలాగా పాలవేళలు రాశాడు. ఆరు, పది, రెండు, ఆరు, పది. అట్టను మంచానికి ఎదురుగా వేలాడదీశాడు. నేను బియ్యం డబ్బాలోంచి గడియారం తీసి, ఊది, కీ ఇచ్చాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, అది మళ్ళీ చేతికొచ్చినందుకు నాకు సంతోషం కలిగింది. మారేడ్‌పల్లిలో చర్చి పెద్దమనిషి ఒకాయన దగ్గర నాన్న ఒక పాలపిండి డబ్బా సంపాదించాడు. అలాంటి డబ్బాలు అప్పట్లో ఎక్కడా దొరికేవి కావు, అందుకని దాన్ని ముందుగదిలో వచ్చినవాళ్ళకు కనబడేలా పెట్టాడు. ఎక్కువ రోజులు రావాలని పిండి తగ్గించి నీళ్ళు పెంచి కలిపించాడు. నేనే కలిపాను.

పిల్ల ఏడ్చేది. నా భార్య చేతులు చాచేది. నేను గడియారం చూసి, “ఇంకా యాభై నిమిషాలుంది” అనేవాణ్ణి. ఆలస్యంగా వచ్చిన పనివాణ్ణి గేటు బయట నిలబెట్టినట్టు మూడురోజుల పిల్లను నిలబెట్టాను. నా భార్య ఒకసారి నాకు తెలియకుండా పిల్లను రొమ్ముకు పెట్టుకుంది. నాన్న చప్పరింపు విని దగ్గాడు. ఆమె ఏడుస్తూ పిల్లను తీసేసింది. ఆ దగ్గు విన్నాక నేను గడియారం చూసుకున్నాను.

రెండో రోజుకు ఆమె రొమ్ములు రాళ్ళలా గడ్డకట్టాయి. ఒళ్ళు కాలిపోతోంది. మూడో రోజుకు పిల్ల ఏడవడం మానేసింది. పాలవేళకు లేపినా లేవడం లేదు, సీసా నోట్లో పెడితే రెండు చుక్కలు కారిపోయి మళ్ళీ నిద్ర. నాన్న తృప్తిగా తల ఊపాడు. “చూశావా, క్రమశిక్షణ అలవాటయింది” అన్నాడు.

నేను కూడా అదే అనుకున్నాను. ఈ ఒక్కమాట రాయడానికే ఇంతసేపూ రాస్తున్నాను. పిల్ల చావుకు దగ్గరవుతుంటే దానికి మేం క్రమశిక్షణ అని పేరు పెట్టి సంతోషించాం.

నా భార్యే జ్వరంలో పడుకుని పెరట్లో తీగ వైపు చూసింది. “ఏమండీ, నిన్నటి నుంచి ఒక్క గుడ్డే తడిసింది” అంది. తీగ మీద ఒకే గుడ్డ ఆరి గట్టిపడి ఉంది. షెడ్డులో మూడువందల మంది నిమిషాల లెక్క రాసేవాణ్ణి, నా ఇంట్లో ఒక్క లెక్క రాయమంటే రాయలేదు.

అప్పుడు పరిగెత్తాను. నాన్న వెనక నుంచి ఏదో అన్నాడు, ఆగలేదు. దయచేసి దీన్ని ధైర్యం అనుకోకండి. భయం ఎక్కువైతే నాలాంటివాడు కూడా పరిగెత్తగలడు.

దూదేకులవాళ్ళ సందు పట్టపగలే చీకటిపడ్డట్టు ఉంది. అన్ని తలుపులూ వేసి ఉన్నాయి. ఎప్పుడూ వినిపించే దూది ఏకే విల్లు చప్పుడు లేదు. ఆమె తలుపు తట్టాను. లోపల అలికిడి ఆగిపోయింది. మళ్ళీ తట్టాను. ఎవరో ముసలి మగగొంతు “ఎవ్వలు లేరయ్యా” అంది, వణుకుతూ. నన్ను చూసి భయపడుతున్నారని అప్పుడు అర్థమైంది. జీవితంలో నన్ను చూసి ఎవరైనా భయపడటం అదే మొదటిసారి. 

“దాయమ్మా, నేను” అన్నాను. “పిల్ల లేవడం లేదు” అన్నాను.

తలుపు అవతల లోగొంతుకలతో ఏదో వాదన జరిగింది. వెళ్ళొద్దని ఆ ముసలాయన, ఆమె భర్త, బతిమాలుతున్నాడు. ఆమె తమ్ముడు మూడు రోజుల కిందట పక్క ఊరికి వెళ్ళి ఇంకా తిరిగి రాలేదని ఆ మాటల్లో తెలిసింది. తరవాత ఆమె గొంతు తలుపుకు దగ్గరగా వినబడింది.

“ఎన్ని గుడ్డలు?”

“ఒకటి.”

గొలుసు తీసిన చప్పుడైంది. తలుపు జానెడు తెరుచుకుంది. ఆమె ముఖం మూడు రోజుల్లోనే పీక్కుపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

“నేను బజార్ల నడిచి రాలేను. వాళ్ళిద్దర్ని గీడికే తోల్కరా. తొల్సూరు కాన్పు, తల్లిగారింట్ల ఉండాల్సిన పిల్ల. తల్లిగారిల్లు అనుకొని రమ్మను. జెల్ది పో” అంది.

రిక్షా తీసుకుని వెళ్ళాను. నాన్న గుమ్మంలో నిలబడి, “ఆ ఇంటికా? ఇలాంటి సమయంలోనా? నీకు మతి పోయిందా?” అన్నాడు. ఆయనకు ఏం జవాబివ్వాలా అని నేను ఆలోచిస్తున్నాను. ఆలోచించడం నాకు బాగా వచ్చు. నా భార్య పిల్లను కొంగులో చుట్టుకుని గోడ పట్టుకుంటూ వచ్చింది. “మామయ్యగారూ, పక్కకు జరగండి” అంది. పెళ్ళయిన రెండేళ్ళలో ఆమె ఆయనతో గొంతెత్తి మాట్లాడటం నేను వినలేదు. ఆయన జరిగాడు.

ఆ ఇల్లు మా ముందుగది అంత ఉంటుంది. మూలన దూది గుట్ట, గోడకు విల్లు. ముసలాయన మమ్మల్ని చూసి లేచి, తన చాప తీసుకుని అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. దాయమ్మ వేడినీళ్ళలో గుడ్డలు ముంచి నా భార్య రొమ్ములకు కాపడం పెట్టింది, మెల్లగా పిండి పాలు ఉగ్గుగిన్నెలో పట్టింది. పిల్లకు చప్పరించే ఓపిక కూడా లేదు. దూది గుట్టలోంచి కాస్త దూది తీసి, వత్తి చేసి, పాలలో తడిపి పెదవుల మీద అద్దింది. మొదట ఏమీ లేదు. మళ్ళీ అద్దింది. నేను గోడలా నా భార్య వీపుకు ఆనుకుని కూర్చున్నాను, అది ఆమె నాకిచ్చిన పని. “కదిలితె సంపుత” అంది. ఎన్నిసార్లు అద్దిందో నేను లెక్కపెట్టలేదు. చాలాసేపటికి పిల్ల నాలుక కదిలింది.

నేను ఏడ్చాను. దాయమ్మ నా వైపు చూడకుండానే, “ఏడ్వు, ఫరవాలేదు. గని ఈపు మాత్రం ఇడ్వకు” అంది.

సాయంత్రానికి పిల్ల రొమ్ము పట్టుకుంది. మర్నాటికి మూడు గుడ్డలు తడిశాయి, ఆ మర్నాటికి ఆరు. వాటిని ఉతికేది నేనే. ఆఫీసు తెరిచారని కబురొచ్చినా వెళ్ళలేదు. నా భార్య జ్వరం తగ్గింది. దాయమ్మ తన కంచంలోది కూడా ఆమెకే పెట్టేది. ఆ ఇంట్లో తిండి ఎంత ఉందో నాకు కనబడుతూనే ఉంది, అయినా పెట్టింది తిన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం సందులోకి పదిమంది కుర్రాళ్ళు వచ్చారు. చేతికి గుడ్డ పట్టీలు, చేతుల్లో కర్రలు. రజాకార్లు ఎక్కడ దాక్కున్నారో వెతుకుతున్నామని ఇంటింటి తలుపూ కొడుతున్నారు. ముసలాయన అరుగు మీంచి లోపలికి వచ్చి దూది గుట్ట వెనక నక్కాడు. దాయమ్మ పొయ్యి దగ్గర కదలకుండా నిలబడింది. ఆ ఇంట్లో బయటికి వెళ్ళి మాట్లాడగలిగిన మనిషిని నేనే. పేరు చెప్పుకోగలిగినవాణ్ణి, భయపడాల్సిన పని లేనివాణ్ణి. ఒక్క మాట చాలు. తలుపు తీశాను. నా చేతుల్లో పిండిన తడిగుడ్డలున్నాయి.

“ఎవలిల్లు గిది? నువ్వెవలు?” అని ముందున్నవాడు అడిగాడు.

“నేను... రైల్వేలో గుమాస్తాను” అన్నాను.

వాడు అడిగింది అది కాదు. నేను చెప్పగలిగింది మాత్రం అంతే. వాడు నన్ను తోసుకుని గడపలో కాలు పెట్టాడు. అప్పుడు నా వెనక నుంచి నా భార్య వచ్చింది. మెడలో సిలువ గొలుసు, కొంగు కింద పాలు తాగుతున్న పిల్ల. పాలు తాగడం ఆపించలేదు, కొంగు కూడా సర్దుకోలేదు.

“ఇది మా అమ్మ ఇల్లు. నేను బాలింతను. గాలి కొడుతుంది, తలుపు వెయ్యాలి. మీరు బయటికి వెళ్ళండి” అంది.

వాళ్ళు ఆమె మెడ వైపు చూశారు, పొయ్యి దగ్గరి దాయమ్మను చూశారు, ఆ రెండూ ఎలా కలుస్తాయో వాళ్ళకు అర్థం కాలేదు. చివరికి తలలు దించుకుని పక్కింటికి పోయారు. నా భార్య తలుపు వేసి, గొలుసు పెట్టి, నా వైపు తిరిగి, “ఆ గుడ్డలు ఆరెయ్యండి” అంది.

మరో పది రోజులు నా భార్య పిల్లతో అక్కడే ఉంది. దాయమ్మ తమ్ముడు తిరిగి రాలేదు, ఆ తరవాత కూడా రాలేదు.

రెండు నెలల తరవాత పిల్లకు బాప్తిస్మం. చర్చి నిండా జనం, బెజవాడ నుంచి మా అత్తగారితో సహా. నా భార్య తనే వెళ్ళి పిలిస్తే దాయమ్మ కూడా వచ్చింది. ఉతికిన తెల్లచీర కట్టుకుని, ఆఖరి బెంచీలో ఒక్కతే కూర్చుంది. ఆ బెంచీలో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. ప్రార్థన అయ్యాక నాన్న లేచి నాలుగు మాటలు మాట్లాడాడు. ఆ కష్టకాలంలో ప్రభువు తమను ఎలా కాపాడాడో, నాలుగు గంటలకోసారి పాలు పట్టి పిల్లను ఎంత క్రమశిక్షణతో పెంచారో, చదువుకున్న కుటుంబాలు ఇలాంటి పద్ధతులు ఎందుకు పాటించాలో చెప్పాడు. అందరూ తలలూపారు. ఒకరిద్దరు నా వైపు చూసి మెచ్చుకోలుగా నవ్వారు. నేనూ నవ్వాను.

ఆయన ఇంకా చెబుతుండగానే పిల్ల నోరు తిప్పుతూ పిడికిలి చప్పరించింది. నా భార్య ముందు బెంచీలోంచి లేచింది. మా అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపబోయింది. ఆమె విడిపించుకుని, అందరి మధ్య నుంచి నడిచి, ఆఖరి బెంచీకి వెళ్ళి దాయమ్మ పక్కన కూర్చుని పిల్లకు పాలు పట్టింది. దాయమ్మ జరిగి ఆమె వీపుకు తన భుజం ఆనించింది. చర్చి అంతా వెనక్కి తిరిగి చూసింది. నాన్న మాట ఆగిపోయింది.

వాళ్ళ పక్కన ఇంకొకరికి చోటుంది. నేను ముందు బెంచీలో నాన్న పక్కనే కూర్చుని, ఎటు చూడాలో తెలియక, జేబులోంచి గడియారం తీసి టైము చూసుకున్నాను.